అత్త తేర్చిన నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళ మిషన్ ఏడాదికి రెండుసార్లు అలుగుతుంది. అలిగిందంటే ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది, చుక్క రాల్చదు. మొన్న కూడా అదే పని చేసింది. బాగుచేసే ఆయన ఫోను చేసిన మూడో రోజుకు తీరిగ్గా వచ్చి, దాన్ని గోడ మీంచి దించి, లోపలి గొట్టాలన్నీ వంటగది బండ మీద పరిచి, ఒక్కోదాన్నీ నాకు చూపిస్తూ తల అడ్డంగా ఊపాడు. లోపలి పొర పోయిందట, అది కడపలో దొరకదట, తెప్పించాలట, నాలుగు రోజులు పడుతుందట. నేను సరేనంటున్నాను. అంతలో ఆయన గోడకు కొట్టిన చెక్క వెనక సందులో వేలు పెట్టి ఏదో బయటికి లాగి, "మేడమ్, ఈడేదో గుండీ పడిండాది" అని చెత్తబుట్ట వైపు చెయ్యి చాపాడు. నేను అరిచిన అరుపుకు ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్ళజోడు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పాపం, నాకు కరెంటు షాక్ కొట్టిందనుకున్నాడు.

అది గుండీ కాదు, మురికి నీళ్ళు తేర్చే చిల్లగింజ. ఒక వైపు గుండ్రంగా, ఇంకో వైపు అరిగి చదునుగా ఉంది. మిషన్ మీద చిన్న డబ్బాలో పెట్టుకున్నదాన్ని రెండేళ్ళ కిందట పోగొట్టుకున్నాను. పారేసింది మా ఆయనేనని అప్పుడే తీర్పు చెప్పేశాను. ఆయన కాదంటే కాదన్నాడు, నేను వినలేదు. ఆ మాట ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో ఒక పూట వంట చప్పగా ఉండేది. ఆయన గింజను నా చేతిలో చూశాడు. ఇప్పటికైనా నన్ను విడుదల చేస్తావా అని అడిగి, మళ్ళీ పేపరు దగ్గరికి పోయాడు. నాకు సిగ్గేసింది. సిగ్గు సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు గింజ దొరికింది కదా అనుకున్నాను.

ఆ గింజ మా అత్తది. అత్త అంటే మా ఆయన తల్లి కాదు, మా నాయనకు అక్క. తన కూతుర్ని మా తమ్ముడికిచ్చింది కాబట్టి వాడికి ఆమె రెండు రకాలా అత్త. నాకు ఒకే రకం అత్త, అదే నాకు చాలినంత ఉండేది. మాది బద్వేలుకు అవతల, బస్సు దిగి ఇంకా కొంత దూరం నడిస్తే వచ్చే ఊరు. ఆ ఊరి నీళ్ళ సంగతి వింటే బయటివాళ్ళు మేము ఎట్లా బతికామా అనుకుంటారు. బోరు నీళ్ళు ఉప్పు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు పచ్చబడతాయి. కుళాయి ఉంది, అందులో నీళ్ళు ఏ రోజు వస్తాయో ఎవరూ చెప్పలేరు. ఇక మిగిలింది చెరువు. వాన పడి చెరువు నిండిందంటే పొలాల్లోని ఎర్రమన్నంతా అందులోనే చేరుతుంది. నీళ్ళు టీ రంగులో ఉంటాయి, కాకపోతే రుచి బాగుంటుంది, పప్పు మెత్తగా ఉడుకుతుంది. తంటా అంతా ఆ రంగుతోనే. ఆ రంగును దించే విద్య ఊళ్ళో చాలామందికి తెలిసినా, అత్త చేతికి కుదిరినట్టు ఇంకెవరికీ కుదిరేది కాదు.

చిల్లచెట్టు అడవిలో పెరుగుతుంది. అత్త కలుపుకు పోయే చేను గల పెద్దామె ప్రతి శివరాత్రికీ మహానందికి పోయి, అక్కడ మూలికలమ్మే వాళ్ళ దగ్గర దోసెడు గింజలు తెచ్చి అత్త కొంగులో పోసేది. అత్త ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. శివయ్య దగ్గర్నుంచి వచ్చిన గింజలతో మా చర్చి పండుగకు నీళ్ళు తేర్చడంలో ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ ఏ ఇబ్బందీ కనబడలేదు, మాకూ కనబడలేదు. సాయంత్రం చెరువు నుంచి కడవతో తెచ్చిన నీళ్ళను పాత పంచె గుడ్డలో వడగట్టి మట్టికుండలో పోసేది. కుండ లోపలి అంచును తడిపి, గింజను అక్కడ ఆనించి గుండ్రంగా రుద్దేది. గంధం లాంటిది తెల్లగా దిగేది. దాన్ని నీళ్ళలోకి జార్చి, కొయ్యగరిటెతో ముందు గబగబా, ఆ తరువాత నిదానంగా తిప్పి మూత పెట్టేది. పొద్దునకు మన్నంతా అడుగున పేరుకునేది, పైన నీళ్ళలో మన ముఖం మనం చూసుకోవచ్చు.

ఈ మధ్యలో కుండను ఎవరూ ముట్టకూడదు. అదొక్కటే నియమం, అదే నాకు కుదిరేది కాదు. తేరిందో లేదో చూడకపోతే నాకు అన్నం దిగేది కాదు. నేను మూత ఎత్తడం, కుండ కదలడం, కిందికి దిగుతున్న మన్ను మళ్ళీ పైకి లేవడం. అత్త తిట్టేది కాదు. నా చేతిలో మూత తీసుకుని కుండ మీద పెట్టి, "నీళ్ళు నిద్ర పోతాండాయి, లేపాకుమే" అనేది. తరువాత నేను హాస్టల్లో ఉండి చదువుకుని, కెమిస్ట్రీ చదివి, కడపలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పాను. నీళ్ళలో తేలే మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఎందుకు తోసుకుంటాయో, గింజలోని సరుకు వాటిని ఎట్లా దగ్గరికి చేర్చి బరువెక్కించి కిందికి దించుతుందో బోర్డు నిండా బొమ్మలు గీసి చెప్పాను. పిల్లలు నన్ను కాక గోడ గడియారాన్ని చూశారు. చివరికి, కొట్లాడుకునే పిల్లల మధ్యకి ఒక పెద్దామె వచ్చి కూర్చుంటే అందరూ ఆమె చుట్టూ చేరి కింద కూర్చుంటారు కదా, ఇదీ అంతే అన్నాను. అప్పుడు అర్థమైంది. ఆ పెద్దామెను నేను ఎవరిని చూసి చెప్పానో వాళ్ళకు తెలియదు.

ఇక కోత పండుగ. మా చర్చిలో ఏడాదికొకసారి, పంటలు ఇంటికి చేరే రోజుల్లో వస్తుంది. చేనున్నవాళ్ళు చేతికొచ్చిన పంటలో మొదటిది తెచ్చి ముందు పెడతారు. శనక్కాయలు, కొర్రలు, కందికట్టె, గుమ్మడికాయలు. చేను లేనివాళ్ళు కోడిపుంజునో, పెరట్లో కాసిన సొరకాయనో తెస్తారు. ఆరాధన అయిపోయాక వాటిని వేలం పాడతారు, వచ్చింది చర్చికి పోతుంది. ఆ తరువాత ఊరంతటికీ భోజనం. అత్తకు చేను లేదు. పెరడు కూడా లేదు, వాకిలి దాటితే బజారే. కోడిని పెంచితే పక్కవాళ్ళ కుక్క తినేసేది. అందుకని ఆమె ఎప్పుడో, నేను పుట్టకముందే, పండుగ భోజనానికి నీళ్ళు తనవని చెప్పేసిందట. అప్పటినుంచీ చర్చి వసారాలో ఎనిమిది కుండలు వరుసగా ఉండేవి. నాలుగు రోజుల ముందునుంచీ మోసి, తేర్చి, నింపేది. భోజనాల వేళ నడుముకు కొంగు బిగించి, చెంబుతో వరుస వెంట పోతూ ప్రతి గ్లాసులోనూ పోసేది. వడ్డన చేసేవాళ్ళ పేర్లు ఏడాదికొకసారి మారేవి కానీ నీళ్ళు పోసే మనిషి మారేది కాదు.

నాలుగేళ్ళ కిందట మా తమ్ముడు నీళ్ళ వ్యాపారంలో దిగాడు. రోడ్డు పక్క ఒక షెడ్డు వేసి, లోపల పెద్ద పెద్ద మిషన్లు పెట్టి, క్యాన్లలో నీళ్ళు నింపి వ్యానులో ఊళ్ళకు పంపేవాడు. వాడు మంచివాడే, కాకపోతే ఏ మంచి పని చేసినా దానికి బ్యానరు కట్టందే ఊరుకోడు. ఆ ఏడాది కోత పండుగకు కావలసిన క్యాన్లన్నీ తానే ఊరికే ఇస్తానని సంఘం పెద్దలకు మాటిచ్చాడు. పెద్దలు సంతోషించారు. అత్తకు కూడా మేలే చేశామనుకున్నారు. పెద్దవయసులో ఆమెకు ఈ మోతలెందుకు, ఈసారి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడదాం అనుకున్నారు. ఆ మాట ఆమెతో చెప్పడానికి మాత్రం ఒక్కరూ పోలేదు. చివరికి మా మరదలు, అంటే అత్త కూతురే, చెప్పాల్సి వచ్చింది. చెప్పి, వెంటనే నాకు ఫోను కలిపి అత్త చేతికిచ్చి తాను పక్కకు తప్పుకుంది.

"పాపా, నన్ను కుర్చీలో కూసోమంటాండారు" అంది అత్త. నేనేదో అనబోయాను. "ఇను. కోత పండగనాడు అందురూ ఏదో ఒగటి తెస్తారు. నేనొగదాన్నే సేతులూపుకుంటా పోవల్లనా?"

ఆ మాట అని ఫోను పెట్టేసింది.  అంతమంది తాగిన ఆ నీళ్ళను నేను కూడా సేవ అనే అనుకున్నాను, ఆమె మాత్రం ఇన్నేళ్ళూ వాటిని పంటగా లెక్కపెట్టుకుంటోంది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

తమ్ముడికి ఫోను చేసి గట్టిగానే అడిగాను. వాడు మెత్తగా జవాబిచ్చాడు. "అక్కా, నువ్వే కదా పిల్లోళ్ళకు పాఠం చెప్పేది, నీళ్ళు తేరినంత మాత్రాన పురుగులు పోవని. తాగి ఎవరికన్నా వాంతులైతే అత్త పేరు పోతాది, నా పేరు పోతాది" అన్నాడు. నా పాఠం నాకే అప్పజెప్పాడు, అదీ తప్పు లేకుండా. తేరిన నీళ్ళను కాచాలి, అది నిజమే. అదొక్కటే కాదు, ఇంకో చిక్కు కూడా ఉండాదన్నాడు. గింజలు తెచ్చే పెద్దామె మోకాళ్ళు పట్టేసి ఆ ఏడాది మహానంది పోలేదు. అత్త దగ్గర చిల్లగింజ ఒక్కటే మిగిలింది. ఎనిమిది కుండలకు అది ఏ మూలకు వస్తుంది?

అక్కడ నాలోని లేడీ లెక్చరర్ లేచి నిలబడింది. మునగగింజలు ఉన్నాయి కదా. అవీ అదే పని చేస్తాయి. ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ముదిరి ఎండిన మునక్కాయలు గాలికి గలగలమంటూ వేలాడుతుంటాయి, ఎవరూ వాటివైపు చూడరు. కాలేజీలో నేను పిల్లలతో చేయించిన ప్రయోగమే అది. పండుగకు ముందు వచ్చే ఆదివారం చర్చి అయ్యగారి ముందు, సంఘం పెద్దల ముందు చేసి చూపిస్తాను, బాగుంటే అత్త నీళ్ళే పెట్టాలి, బాగాలేకపోతే క్యాన్లు పెట్టుకోండి అని పందెం వేశాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. ఎంత సులువుగా ఒప్పుకున్నాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

శనివారమే ఊరికి పోయాను. అత్త, నేను కూర్చుని ఎండుకాయలు పగలగొట్టి, గింజల పైపొట్టు ఒలిచి, లోపలి తెల్లపప్పును రోట్లో దంచాం. ఒక కుండకు ఎంత వేయాలో నా పుస్తకంలో రాసి ఉంది. కానీ చెరువు నీళ్ళు ఆ రోజు మరీ ఎర్రగా ఉన్నాయి, ముందువరసలో తమ్ముడు కూర్చుంటాడు, నా పరువు పందెంలో ఉంది. నేను ఇంకో గుప్పెడు వేశాను. ఆ తరువాత ఎందుకైనా మంచిదని ఇంకో గుప్పెడు. అత్త గరిటె తిప్పుతూ, శానా ఎక్కువేసినట్టుండావే అంది. నేను విననట్టు ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు.

"మునక్కాయ పులుసు రేత్రికుంటే తెల్లారి వాసనొస్తాది. ఈ నీళ్ళెట్ల నిలుస్తాయి? రేపు పొద్దున్నే చేసుకుందాంలే" అంది.

పులుసు వేరు, నీళ్ళు వేరు అని నేను ఆమెకు వివరంగా చెప్పాను. ఇంగ్లీషు పేర్లు కూడా రెండు వాడాను. పొద్దున చర్చి హడావుడిలో కుదరదు, ఇప్పుడే చేసి పెడితే ఆరాధన అయ్యేసరికి అద్దంలా ఉంటాయి అన్నాను. అత్త నా ముఖం చూసి, సరేలే, సదువుకున్నదానివి అని మూత పెట్టింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ రోజు పాఠం చెప్పడానికి ఆమె ఎంత ప్రయత్నం చేసిందో నేను తరువాత ఆలోచించుకున్నాను.

ఆదివారం అయ్యగారు ఆ రోజు మామూలుకంటే పొడుగ్గా ప్రసంగం చేశారు. ఎండ బాగా కాసింది. కుండ ఆ వేడికి వసారాలోనే ఉండిపోయింది. ఆరాధన అయ్యాక అందరూ చుట్టూ చేరారు. నేను మూత తీశాను. నీళ్ళు పూర్తిగా తేరలేదు. అయ్యగారి పక్కనున్న పెద్దాయన గంజిలా ఉండాయే అన్నాడు. అది కూడా ఫరవాలేదు, వాసన వచ్చింది. మునక్కాయ కూర గిన్నెను రెండు రోజులు కడగకుండా పెడితే వచ్చే వాసన. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు వెనక్కి జరిగారు, వెనక ఉన్నవాళ్ళు ఎందుకు జరిగారో చూద్దామని ముందుకు వచ్చారు. ఇక్కడ మా అయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. ఎవరింట్లో ఏది పెట్టినా వద్దనకుండా, మొదట ప్రార్థన చేసి తినే మనిషి ఆయన. గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ముగియడానికి ఆయనకు ఏమాత్రం తొందర లేదని అందరికీ తెలిసిపోయింది. ఆమెన్ అన్నాక ఒక గుక్క తాగారు. ఆరోగ్యానికి మంచిదేనమ్మా, అని నాతో అన్నారు. తరువాత నిదానంగా నడుచుకుంటూ చర్చి వెనక్కి పోయారు. అక్కడ ఆయన పుక్కిలించిన చప్పుడు సంఘమంతా విన్నది.

తమ్ముడు నవ్వలేదు. వాడు ఆకాశం వైపు చూశాడు, అది నవ్వడం కంటే ఘోరంగా ఉంది. క్యాన్లు ఖాయమైపోయాయి. ఇంటికి వస్తుంటే నాకు అత్త ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. నా చదువును నమ్మి తన పండుగను నా చేతిలో పెట్టింది, నేను దాన్ని కుళ్ళబెట్టాను. దారిలో ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి, నీ సదువు తప్పు కాదులే, నువ్వు రెండు గుప్పిళ్ళు ఎక్కువేసి రేత్రంతా పెట్టినావే, అది తప్పు అంది. ఓదార్పులో కూడా ఆమె తప్పు ఎక్కడుందో చెప్పడం మరిచిపోలేదు.

పండుగ రోజు పొద్దున మళ్ళీ పోయాను. ముఖం చెల్లకపోయినా పోకుండా ఉండలేకపోయాను. వసారాలో కుండలు లేవు. వాటి చోట్లో క్యాన్లు మూతలు బిగించుకుని వరుసగా నిలబడ్డాయి, పైన తమ్ముడి బ్యానరు. అత్త ముందు వరసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆసుపత్రిలో తన పేరు పిలుస్తారని ఎదురుచూసే మనిషిలా వీపు ఆనించకుండా కూర్చుంది. నేను పోయి పక్కన కింద కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

కోత తెచ్చేవాళ్ళు రండని అయ్యగారు పిలిచారు. ఒక్కొక్కరే లేచి శనక్కాయల గంపలు, కొర్ర కంకులు, గుమ్మడికాయలు తీసుకుపోయి ముందు పెట్టి వస్తున్నారు. ఒక కోడిపుంజు జారిపోయి పాటలు పాడేవాళ్ళ మధ్య దూరింది, దాన్ని పట్టుకోవడంలో కాసేపు గడిచింది. అంతా అయిపోయిందనుకున్నాక అత్త కుర్చీలోంచి లేచింది. కుర్చీ వెనక, మరదలి కాళ్ళ దగ్గర, తెల్లగుడ్డ కట్టిన కుండ ఒకటి ఉంది. నేను చూడనేలేదు. దాన్ని నడుము మీద పెట్టుకుని, వాళ్ళందరూ నడిచిన దారిలోనే నడిచి, అయ్యగారి ముందు నిలబడింది. 

"అయ్యా, నాకు సేను ల్యా, సెట్టు ల్యా. నేను పండించేది ఇదొగటే" అంది.

అయ్యగారు కుండ వైపు చూశారు. అటు తరువాత నా వైపు చూశారు. ఆ చూపు దేనికో నాకు తెలుసు. ఇది నాది కాదు, ఆమెదే అని తల ఊపి చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకుని, రెండు చేతులతో కుండ అందుకుని, గుమ్మడికాయలకూ శనక్కాయలకూ మధ్య చోటు చేసి పెట్టారు. నాకు కళ్ళు మసకబారాయి. పక్కనున్న ఒకామె కూడా ముక్కు తుడుచుకుంటోంది. ఆ రోజు ఆ చర్చిలో అంతకంటే బరువైన కోత ఎవరూ తేలేదు.

వేలంలో కుండ వంతు చివరికి వచ్చింది. పాట పాడే పెద్దాయనకు దాన్ని ఏమని పిలవాలో తెలియలేదు. తమ్ముడు లేచి మొదటి పాట పాడాడు. వాడికి ఎదురు ఎవరు పాడతారు, ఊళ్ళో నీళ్ళమ్మేది వాడొక్కడే కదా. పెద్దాయన ఒకటోసారి అన్నాడు, రెండోసారి అనబోయాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా మరదలు పాట పెంచింది. తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పైకప్పు వైపు చూస్తోంది, వాడు ఆ ఆదివారం ఆకాశం చూసినట్టే. వాడు పెంచాడు, ఆమె ఇంకొంచెం పెంచింది. సొంత జేబు మీదికి సొంత పెళ్ళామే దండెత్తి వస్తుంటే వాడు ఎంతసేపని నిలుస్తాడు. జనం చప్పట్లు కొట్టి మరీ ఆమెను ఉసికొల్పారు. చివరికి కుండ వాడికే వచ్చింది. పుంజు కంటే, గుమ్మడికాయలన్నిటికంటే ఎక్కువ పాటకు పోయింది.

వాడు కుండ దగ్గరికి వచ్చి గుడ్డ విప్పాడు. లోపల నీళ్ళు కుండ అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. గ్లాసు ముంచి గటగటా తాగాడు. ఖాళీ గ్లాసులోకి ఒకసారి చూశాడు. చిన్నప్పుడు ఎండలో ఆడి వచ్చి అత్త ఇంట్లో తాగిన నీళ్ళు గుర్తొచ్చి ఉంటాయి, నాకైతే గుర్తొచ్చాయి. చెంబు తీసి ఆమె చేతిలో పెట్టి, "అత్తా, నీళ్ళు నువ్వే పొయ్యి" అన్నాడు.

అత్త కొంగు బిగించింది. భోజనాల వరుసలో ఒక్కొక్కరికీ గుక్కెడు చొప్పున పోసింది. ఇక్కడొక సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. ఒక్క కుండ ఎంతమందికి వస్తుంది? రెండు వరుసలు దాటేలోపే అడుగంటింది. అత్త ఏమీ తడబడలేదు. వసారాలోకి పోయి ఒక క్యాను మూత పీకి, దాన్ని కుండలోకి వంచి, కుండ నింపుకుని వచ్చి మళ్ళీ చెంబుతో పోయడం మొదలుపెట్టింది. అట్లా క్యానులన్నీ ఆ కుండలోంచే పోయాయి. తాగినవాళ్ళు తలలూపారు. ఎంతైనా అత్త తేర్చిన నీళ్ళ రుచే వేరు, క్యాన్ల నీళ్ళకు ఈ రుచి యాడ వస్తాది అని ఒక ముసలాయన తమ్ముడి పక్కనే కూర్చుని, తమ్ముడికే చెప్పాడు. వాడు నోరు తెరిచాడు. మరదలు వడ్డించే నెపంతో వాడి కాలు తొక్కింది. వాడు నోరు మూసుకుని, ఖాళీగా ఉన్న ఎర్ర కుర్చీ లాక్కుని అందులో కూలబడ్డాడు.

సాయంత్రం అత్త ఇంట్లో కుండ కడుగుతుంటే, ఆ ఒక్క కుండను ఎట్లా చేసిందో చెప్పింది. ఉన్న ఒక్క గింజతో తేర్చి, పైన తేటను వేరే గిన్నెలోకి వంచి, దాన్ని పొయ్యి మీద కాచి చల్లార్చిందట. కాచిన నీళ్ళు చప్పగా ఉంటాయని జీవితమంతా కాచని మనిషి. ఎందుకు కాచినావు అని అడిగాను. నీ సదువుకు కూడా ఏదో ఒగటి మిగలల్ల కదా అంది. అంటూ గింజను నా అరచేతిలో పెట్టింది. ఒక వైపు బాగా అరిగిపోయి ఉంది. "సగం నేను అరగదీసినా, తక్కింది నువ్వు అరగదీసుకో. దాసిపెట్టుకునేదానికి కాదు నేనిచ్చింది" అంది. నేను కడపకు తెచ్చి దాచిపెట్టుకున్నాను.

ఆ తరువాతి పండుగకు మునగగింజలతోనే నీళ్ళు చేశాం, అదే రోజు పొద్దున, ఎంత వేయాలో అత్త చెప్పినంతే వేసి. ఆ నీళ్ళు కాచే పెద్ద పొయ్యిని తమ్ముడే తెచ్చి పెట్టాడు, దానికీ ఒక బ్యానరు కట్టాడు. అయ్యగారు మొదటి గ్లాసు తాగేముందు ప్రార్థన చాలా చిన్నగా చేశారు. ఆ మరుసటి ఏడు కోత పండుగ రాకముందే అత్త పోయింది. నెల తిరిగేసరికి డబ్బాలో గింజ కనబడలేదు. నేను మా ఆయన మీద ఎంత పెద్దగా అరిచానో, అంతా గింజ కోసమే కాదని ఆయనకు అప్పుడే తెలిసి ఉండాలి. అందుకే కాదనడం తప్ప ఇంకో మాట ఎదురు అనలేదనుకుంటాను.

మొన్న మిషన్ విప్పినాయన వెళ్ళిపోయాక మా ఆయన క్యాన్లకు ఫోను చేయబోయాడు. వద్దన్నాను. రెండు రోజుల వానకు మా కుళాయిలో కూడా నీళ్ళు మబ్బుగానే వస్తున్నాయి. అటక మీంచి ఎండాకాలపు మట్టికుండ దింపించి, కడిగి, నింపి, అంచు తడిపి గింజను ఆనించాను. చెయ్యి మొదట ఆగింది. ఇది అరిగిపోతే అత్తది ఇంకేమీ మిగలదు కదా అనిపించింది. ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది, రుద్దాను. తెల్లగా దిగింది. గరిటెతో తిప్పి మూత పెట్టాను. గంట కూడా కాకముందే వంటగదిలో అలికిడైంది. మా ఆయన మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"నీళ్ళు నిద్ర పోతాండాయి, లేపాకు" అన్నాను. ఆయనను నేను అంతకు ముందు ఏనాడూ నువ్వు అనలేదు. ఆయన నా వైపు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా మూత పెట్టేశాడు.

గింజను తుడిచి అరచేతిలో పెట్టుకుని చూశాను. అత్త అరగదీసింది ఎంతవరకో, నేను అరగదీసింది ఎక్కణ్ణుంచో ఇప్పుడు తెలియడం లేదు. గోడ సందులో భద్రంగా పడి ఉన్న ఆ రెండేళ్ళూ అత్త మా ఇంట్లో లేదు. గింజ అరిగిన ఈ ఒక్క పూట మాత్రం ఉంది.